దక్షిణం మడిలో నల్ల ద్రాక్ష

ఒక మనిషి తడిబట్టలతో గుడిలో నిలబడి నిజం చెప్పాడు. ఊరు దాన్ని అబద్ధమని తేల్చింది. అది నిజమేనని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఐదేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. మోస్తున్నానంటే గొప్పగా వినిపిస్తుంది గానీ, నిజానికి రోజూ ఏం మోశానని? తిన్నాను, చేనుకు పోయాను, పెళ్లిళ్లకు పట్టుచీర కట్టుకుని వెళ్లాను. కొన్ని రోజులు అసలు గుర్తే రాలేదు. గుర్తొచ్చిన రోజున మాత్రం ఆ మనిషి ఎదురుపడితే వీధి మారి నడిచాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక. నా పేరు చెప్పను. ఇందులో వచ్చేవాళ్ల పేర్లు మార్చాను. మా ఊరు పొదిలికి దగ్గర్లో ఉంటుంది, అంతవరకు చాలు.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని పిచ్చిదాని పనిలా ఉంటుంది. పత్తి విత్తనం కోసం పెంచే చేలు ఉంటాయి. ఆ చేలల్లో నాటిన జాతి తప్ప ఇంకో జాతి మొక్క ఒక్కటి కూడా ఉండకూడదు. పొరపాటున వచ్చిన వేరే జాతి మొక్కను మేం బెరుకు అంటాం. ఆకు కాస్త వెడల్పయినా, పువ్వు రంగు కాస్త మారినా పట్టుకోవాలి. పట్టుకున్నాక కొమ్మ తుంచితే సరిపోదు, మొదలంటా తీసెయ్యాలి. ఒక్క బెరుకు మిగిలినా చేను మొత్తం పనికిరాదని వెనక్కి కొడతారు. పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలో కూలీగా ఆ పనికి వెళ్లాను, తర్వాత చాలా ఏళ్లు నేనే పదిమందిని వెంటేసుకుని చేలన్నీ తిరిగాను. ఊళ్లో నన్ను బెరుకులక్క అనేవాళ్లు. కల్తీ విత్తనం పేరు చెబితే ఉలిక్కిపడే ఊళ్లలో అది చిన్న పేరేం కాదు. నాకు ఆ పేరంటే ఇష్టం. నా కన్ను తప్పదని నమ్మాను. ఇంకొకరు తప్పు చూపిస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది, ఇప్పటికీ ఎక్కుతుంది.

సుభద్ర మా మరిది భార్య, నా తోడికోడలు. నాకన్నా చాలా చిన్నది. తామర పురుగు తగిలి మిరప వరసగా పోయాక, తమ వాటా పొలంలో ద్రాక్ష వేస్తానంది. తినే ద్రాక్ష కాదు, వైన్ ద్రాక్ష. మూత తీయగానే పొంగి బుడగలొచ్చే తెల్ల వైన్ ఒకటుంటుందట, దానికి. వేరే రాష్ట్రంలో ఉన్న కంపెనీ ఒకటి మొక్కలిచ్చి, పండిన కాయ తామే తీసుకుంటామంది. మా మరిది నోరు వెళ్లబెట్టాడు. నేను నవ్వాను. పైకి నవ్వాను గానీ లోపల మండింది. ఎందుకు మండిందని ఇప్పుడు అడుగుతున్నాను నన్ను నేను. అప్పటిదాకా మా ఇళ్లలో పంట సంగతి వస్తే అందరూ నావైపు చూసేవాళ్లు. సుభద్ర శిక్షణకని వారం రోజులు వెళ్లొచ్చి, తీగలు ఎట్టా పాకించాలో, ఏ కొమ్మ ఉంచాలో చెబుతుంటే అందరూ ఆమె వైపు చూశారు. నేనూ చూశాను. అదీ కారణం. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండేది.

మూడు రకాల మొక్కలు వచ్చాయి. సగం పైన షెనాన్. మన ఎండకు ఓర్చుకుంటుందని దాన్నే ఎక్కువ ఇచ్చారు. ఒక మడి షార్డొనే. దక్షిణం వైపు చిన్న మడిలో పినో. కూలీలు షార్డొనేను సర్దనీ అనేవాళ్లు, పినోను పినాయిల్ అనేవాళ్లు. నేను దిద్దేదాన్ని కాదు, నాకూ అంతే వచ్చు. మామూలు ద్రాక్షలా తియ్యగా పండేదాకా దీన్ని ఉంచరని, పులుపు ఉండగానే కోస్తారని, ఆ పులుపే బుడగల వైన్‌కు కావాలని సుభద్ర చెప్పింది. మూడు రకాలూ తెల్ల వైన్‌కే అక్కా అని కూడా చెప్పింది. ఆ మాట నా బుర్రలో దిగబడిపోయింది.

మూడో ఏడు మొదటి కాపు వచ్చింది. జనవరిలో కాయ ఊరుతున్నప్పుడే మా మరిదికి కడుపులో రాళ్లని గుంటూరులో ఆపరేషన్ పడింది. సుభద్ర షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టి, రోజుకొకసారి తోటలోకి వెళ్లి చూడమని చెప్పి భర్తతో వెళ్లింది. మిగతా వాళ్లెవరికీ ఇవ్వలేదు, నాకే ఇచ్చింది.

వాళ్లు వెళ్లిన రెండు మూడు రోజులకు దక్షిణం మడిలో కాయ రంగు మారడం చూశాను. పక్క మడుల్లో గుత్తులు లేత పచ్చగా, కాస్త పసుపు తిరుగుతూ ఉన్నాయి. ఈ మడిలో అక్కడో కాయ ఇక్కడో కాయ ఎరుపెక్కింది. మర్నాటికి ఊదా. ఆ తర్వాత నలుపు. గుత్తి చిన్నది, కాయ చిన్నది. ఒకటి తెంపి నోట్లో వేసుకుని నమిలాను. లోపల గింజలు. అడవిజాతి అనుకున్నాను. నా గుండె గబగబా కొట్టుకుంది. భయంతో అని అప్పుడనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, అది భయం ఒక్కటే కాదు. సంతోషం కూడా ఉంది. చూశావా, నీ శిక్షణ వాళ్లు నీకు బెరుకులు అంటగట్టారు, పట్టుకోవడానికి మళ్లీ నేనే కావాల్సి వచ్చింది అనే సంతోషం.

తెల్ల వైన్ తోటలో నల్ల కాయ. ఇది కల్తీ కాక మరేమిటి? మిరపకాయ ఎర్రగా ఉంటే కారం ఎర్రగా ఉంటుంది. రంగు పోయిన తాలుకాయ కలిస్తే కారం తెల్లబారుతుంది. మా నేల మీద బతికినవాళ్లకు కాయ రంగే సరుకు రంగు. కంపెనీ వాళ్లు వచ్చి ఈ నల్ల గుత్తులు చూస్తే తోట మొత్తం వెనక్కి కొడతారని నాకు అణుమాత్రం సందేహం లేదు. సుభద్రకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆపరేషన్ జరిగే రోజు అది, ఎత్తకపోవడంలో వింతేముంది? సాయంత్రానికి ఆమే చేసేది. నేను రెండోసారి చెయ్యలేదు. ఎత్తితే ఆగమంటుందేమోనని. నేనే చూసి, నేనే తీసేసి, ఆమె తిరిగొచ్చాక తాపీగా చెప్పాలని.

మధ్యాహ్నం తోటలో ఎవరూ లేరు. ఊళ్లో కూలీలంతా మిరప కోతల్లో ఉన్నారు. షెడ్డులోంచి పొడుగు పిడి కత్తెర తీసుకుని దక్షిణం మడి మొదటి తీగ దగ్గర కూర్చున్నాను. పెరికితే రాదు, మొదలు గట్టిపడింది. అందుకని నేలకు జానెడు ఎత్తులో కోశాను. ఒకటి కోశాక రెండోది తేలికైంది. వరస వెంబడి జరుగుతూ మడి మొత్తం పూర్తి చేశాను. ఎక్కడా తొక్క చీలలేదు, ఒక్క వేటుకు తెగింది ప్రతిదీ. పైన పందిరి మీద ఆకులు అప్పటికింకా పచ్చగానే ఉన్నాయి. ఆ పని చేస్తుంటే హాయిగా ఉంది. అది దాచడం ఎందుకు?

మర్నాడు ఫోన్లో సుభద్ర ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పింది. తోట ఎట్టా ఉందని అడిగింది. బాగుంది, నువ్వొచ్చాక మాట్లాడదాం అన్నాను. నా మాటకు నేనే మురిసిపోతూ అన్నాను.

వాళ్లు తిరిగొచ్చిన రోజునే కంపెనీ మనిషి కూడా కాయ తీపి కొలవడానికి వచ్చాడు. కుర్రవాడు, అందరినీ మేడం అంటాడు. నేను ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ముందే వెళ్లి కూర్చున్నాను. ఏం చెప్పాలో కూడా మనసులో వరస పెట్టుకున్నాను. అతను నేరుగా దక్షిణం మడికే నడిచాడు. ఎండిపోయిన ఆకులు చూసి నిలబడిపోయాడు. కిందికి వంగి మొదళ్లు చూశాడు. తర్వాత నేల మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

పందిరి చివర పక్క వరసలోకి పాకిన కొమ్మ మీద వాడిపోయిన గుత్తి ఒకటి వేలాడుతోంది. అతను అందులోంచి నాలుగు నల్ల కాయలు తెంపి, అరచేతిలో పెట్టుకుని మెల్లగా నొక్కాడు. వేళ్ల సందుల్లోంచి రసం కారింది. తెల్లగా, దాదాపు నీళ్లలాగా ఉంది. నలుపంతా తొక్కలోనే ఉంటుందని, తొక్క రంగు దిగకుండా పిండితే తెల్ల వైన్ వస్తుందని, ఆ వైన్‌కు బలమిచ్చేదే ఈ నల్ల కాయని చెప్పాడు. సుభద్ర ఏడుస్తూనే తలూపింది. ఆమెకు శిక్షణలో చూపించారట. అది నల్లగా మారుతుందని నాకు చెప్పాలని ఆమెకు తోచలేదు. తోచకపోవడం తప్పు కాదు. వంకాయ ఊదాగా ఉంటుందని ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా?

నేను ఆ కాయను నమిలి మింగాను గానీ నొక్కి చూడలేదు. ఒక్కసారి వేలితో నొక్కి ఉంటే చాలు. ఐదేళ్లుగా నేను ఆలోచించింది ఎక్కువగా ఈ ఒక్క విషయమే.

అప్పుడే చెప్పెయ్యొచ్చు. నోరు తెరిచాను కూడా. నేనే తీశాను, బెరుకులనుకున్నాను అంటే సుభద్ర తిట్టేది, మా మరిది నెల రోజులు మాట్లాడేవాడు కాదు, ఊరు ఒక ఏడాది నవ్వేది. బెరుకులక్క అసలు పంటనే పీకిందట అని. ఆ నవ్వు నాకు వినిపించింది. నోరు మూసుకున్నాను. ఇంతలో మా మరిది, కుట్లు నొప్పిగా ఉన్నా పొత్తికడుపు పట్టుకుని అరిచాడు. ఇది సాంబయ్య పనేనన్నాడు.

సాంబయ్య బాబాయి మా పక్క పొలం ఆసామి. నిమ్మతోట, కాస్త మిరప. మా మరిదికీ ఆయనకూ గట్టు దగ్గర బోరు పైపు విషయంలో ఎప్పటినుంచో తగాదా ఉంది. పైగా ఆయనకు ఈ ద్రాక్ష మొదటినుంచీ గిట్టలేదు. దాన్ని సారా తోట అనేవాడు. టీ కొట్టు దగ్గర కోపంలో, నా చేతికొస్తే నరికి పారేస్తానని ఒకసారి అన్నాడు, నలుగురూ విన్నారు. నిమ్మచెట్లు తనే కత్తిరించుకుంటాడు గనక అటువంటి కత్తెర ఆయన దగ్గరా ఉంది. ఇంకేం కావాలి? రోజూ తోట చూసిన నీకు కనబడలేదా అని నన్నెవరూ అడగలేదు.

అయినా మా మరిది కాస్త తటపటాయించాడు. నావైపు తిరిగి, వదినా, మొక్క సంగతి నీకు తెలుసు, ఈ కోత చూసి చెప్పు అన్నాడు. నేను కోసిన కోతను నేనే వంగి చూశాను. వేలుపెట్టి తడిమాను కూడా. చెప్పాను. "ఇది చెయ్యి తిరిగినవాళ్ల పని" అన్నాను.

అందులో అబద్ధం లేదు. ఒక్క ముక్క కూడా లేదు. ఆ మాట ఎటు పోతుందో నాకు తెలుసు, అటే పోయింది. తీగలు కోసింది తెలియక. ఈ మాట అన్నది తెలిసే. కంచే చేను మేసిందని ఎవరూ అనుకోరని నమ్మకంతో అన్నాను.

పోలీసుల దాకా పోవద్దని పెద్దమనుషులు ఆపారు. ప్రమాణం చెయ్యమన్నారు. మా వైపు ఊళ్లలో ఇది ఇంకా ఉంది. నింద పడ్డవాడు నెత్తిన నీళ్లు పోసుకుని, తడిబట్టలతో గుడికొచ్చి, వెలిగించిన కర్పూరాన్ని చేత్తో ఆర్పి, నేను చెయ్యలేదని చెప్పాలి. అబద్ధమైతే ఏడాది తిరిగేలోగా దేవుడు చూపిస్తాడని నమ్మకం. సాంబయ్య బాబాయి ఎదురు చెప్పలేదు. శనివారం పొద్దున ఆంజనేయస్వామి గుడికి ఊరంతా వచ్చింది. నేనూ వెళ్లాను, వెళ్లకపోతే బాగుండదని. ఆయన పంచె నుంచి నీళ్లు కారుతున్నాయి. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. పళ్లెంలో మంట మీద కుడి అరచెయ్యి పెట్టి ఆర్పాడు. "ఆ తీగలు నేను కొయ్యలా. కోయించలా. కోసినోళ్లెవరో నాకు తెలవదు" అన్నాడు. కోసినదాన్ని నేను, ఆడవాళ్ల వరసలో మూడో మనిషిని. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

అంతటితో అయిపోతుందనుకున్నాను. ప్రమాణం చేశాక ఊరు నమ్మాలి గదా. చాలామంది నమ్మారు కూడా. కానీ ఆ ఏడు వానాకాలం ఆయన మిరపకు తామర పురుగు తగిలి పూతంతా రాలిపోయింది. చుట్టుపక్కల అందరికీ తగిలింది. మాకూ తగిలింది. మా చేలో అది పురుగు, ఆయన చేలో మాత్రం ప్రమాణం. ఆ తర్వాత దీపావళి వెళ్లాక బోరు దగ్గర పాచి మీద జారిపడి ఆయన కుడి మణికట్టు విరిగింది. సరిగా అతకలేదు, వంకరగా నిలిచిపోయింది. ఆ చేత్తోనే గదా కర్పూరం ఆర్పింది అన్నారు. ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరికీ అనుమానం లేదు. ఆయన టీ కొట్టుకు రావడం మానేశాడు. వంకర చెయ్యి కండువా కింద పెట్టుకుని తిరిగేవాడు. నిమ్మచెట్లు కత్తిరించడానికి కూలీని పెట్టుకున్నాడు.

ఇక రత్తమ్మ పిన్ని సంగతి. ఆమె సాంబయ్య బాబాయి భార్య. ఆ మరుసటి వేసవిలో ఒక రోజు నేను వాళ్ల నిమ్మతోట పక్కగా వస్తుంటే పిలిచింది. రాలిన కాయలు గంపలోకి ఏరుతోంది. చుట్టూ ఎవరూ లేరు. ఆమె నా మొహంలోకి చూడకుండా అడిగింది.

"అమ్మాయ్, నిన్నొకటి అడుగుతా, నలుగురిలో అడగలేనిది. ఆ కోత నువ్వు చూశావంట గదా. చెయ్యి తిరిగినోళ్ల పనన్నావంట. మా ఆయన చెయ్యేనా అది?"

"నాకెట్టా తెలుసుద్ది పిన్నీ."

"నీకు తెలవకపోతే ఇంకెవరికి తెలుసుద్ది? ఆకు చూసి జాతి చెప్పేదానివి."

నేను వంగి రాలిన కాయ ఒకటి ఏరి గంపలో వేశాను.

"ఆయన కోసుంటే కోశానని చెప్పొచ్చు నాతో. తిట్టను. కోపిష్టోడు, కోశాడనుకుంటా. కానీ దేవుడి ముందు అబద్ధం ఆడాడా అని, అదీ నా బాధ. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నాతో అబద్ధం ఆడలా. పక్కన పడుకుంటే ఆ చెయ్యి తగిలినప్పుడల్లా ఇదే గుర్తొస్తంది."

"బాబాయినే అడక్కపోయావా?"

"అడిగితే నమ్మలేదని తెలిసిపోదూ? నువ్వొక్క మాట చెప్పు. కాదంటే కాదనుకుంటా. నీ మాట మీద."

"ఊరుకో పిన్నీ. అయిపోయిందిగా ఆ గొడవ."

"మీకు అయిపోయిందిలే తల్లీ" అని ఆమె గంప ఎత్తుకుంది. నేను ఒక చెయ్యి వేశాను గంప నెత్తికెత్తడానికి.

కాదు అని రెండక్షరాలు. నేనే కోశానని చెప్పక్కర్లేదు. బాబాయి కోత కాదు పిన్నీ, అది వేరే చెయ్యి అంటే ఆమె నమ్మేది. నేను పట్టుబడకుండానే ఆమెకు మొగుణ్ణి తిరిగిచ్చి ఉండేదాన్ని. అదీ చెయ్యలేదు. కాదంటే, మరి ఎవరి చెయ్యి అని ఆమె అడుగుతుందేమోనని భయం. అడిగేది కూడా కాదేమో. నా తప్పుల్లో దేన్ని పెద్దదనాలో నాకు చాలాకాలం తెలియలేదు. ఇప్పుడు తెలుసు. తీగలు కాదు, గుడి కూడా కాదు. నిమ్మతోట దగ్గర ఆ మధ్యాహ్నం.

సుభద్ర మళ్లీ పినో మొక్కలు తెప్పించి అదే మడిలో నాటింది. ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు ఆమె. అవి కాపుకొచ్చాయి, కంపెనీ తీసుకుంది. పోయిన వారం ఆ కాయతో చేసిన వైన్ సీసా ఒకటి ఆమెకు పంపించారు. ఇంట్లో తాగేవాళ్లు లేరు, అయినా మూత తీసింది. పొంగి చీర మీద పడింది. నాకు స్టీలు గ్లాసులో కాస్త పోసి, ఆ నల్ల కాయ ఇట్టా అయింది చూడక్కా అంది. చూశాను. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ల రంగు. అడుగునుంచి సన్నటి బుడగలు లేస్తున్నాయి. నోట్లో పోసుకుంటే పుల్లగా, చురుక్కుమంది. సుభద్ర నవ్వుతూ, "ఆ సాంబయ్య నరక్కపోతే ఎప్పుడో తాగేవాళ్లం దీన్ని" అంది. కోపం కూడా లేదు ఆమె గొంతులో. ఎండలు మండిపోతున్నాయి అన్నట్టు అంది. ఆమెకు అది అంత స్థిరమైన సంగతి అయిపోయింది.  మర్నాడు ఇది రాయడం మొదలుపెట్టాను.

ఇక్కడిదాకా రాసి ఆపాను. నాలుగు రోజులు ముట్టుకోలేదు. ఈ మిగతాది తర్వాత రాస్తున్నాను.

ఎందుకు ఆపానంటే, రాసింది చదువుకుంటే నాకు అసహ్యం వేసింది. మీకు చెప్పడం తేలికని మొదట్లోనే అన్నాను. అవును, తేలికే. మీరు నన్ను ఏం చెయ్యగలరు? కానీ ఒక ఉపకారం జరిగింది. నేనే కోశాను అని ఒకచోట రాశాక, ఆ మాట నోటికి కూడా దొరికింది. అంతకుముందు మనసులో కూడా ఆ మాటను అట్టా తిన్నగా అనుకోలేదు. ఆ గొడవ, ఆ సంగతి, అప్పట్లో జరిగింది, ఇట్టాంటి మాటలతోనే అనుకునేదాన్ని.

నిన్న పొద్దున ఇంటి పని ముగించి సాంబయ్య బాబాయి వాళ్ల కల్లానికి వెళ్లాను. మిరపకాయ ఆరబోసి ఉంది. రత్తమ్మ పిన్ని ఒక్కతే కూర్చుని తాలు ఏరుతోంది. తెల్లబారినవి, మచ్చపడ్డవి ఒక పక్కకు, ఎర్రకాయ ఒక పక్కకు. నన్ను చూసి ఆశ్చర్యపోయింది, నేను వాళ్ల కల్లంలో అడుగుపెట్టి ఏళ్లయింది. పక్కన కూర్చుని నేనూ ఏరడం మొదలుపెట్టాను. చేతులు వాటంతటవే కదిలాయి. అట్టా ఏరుతూనే చెప్పాను. సుభద్ర తోటలో ఆ తీగలు కోసింది నేను పిన్నీ, బాబాయి కాదు. నల్లగా ఉంటే బెరుకులనుకున్నాను. ఇదంతా ఎట్టా చెప్పాలా అని దారి పొడుగునా అనుకున్నాను గానీ, చెబితే అంతే ఉంది, రెండు మూడు మాటలు.

ఆమె చెయ్యి ఆగింది. "మళ్లీ చెప్పు" అంది.

మళ్లీ చెప్పాను.

"మా నిమ్మతోట దగ్గర నేను నిన్ను అడిగిన రోజున నీకు తెలుసు గదా."

"తెలుసు."

ఆమె తిట్టలేదు. తిడుతుందని, చెంప మీద కొడుతుందని, ఏడుస్తుందని నేను సిద్ధపడి వెళ్లాను.  ఒళ్లో మిరపకాయలు దులుపుకుని, నేల మీద చెయ్యి ఊనుకుని లేచింది. మోకాళ్ల నొప్పులు ఆమెకు. ఘాటుకో ఎందుకో ముక్కు తుడుచుకుంది. కల్లం దాటి నిమ్మతోట వైపు నడిచింది. సాంబయ్య బాబాయి చెట్ల కింద పాదులు చేస్తున్నాడు, ఎడమ చేత్తో. ఆమె వెళ్లి ఆయన ముందు నిలబడడం కనిపించింది. ఆయన పార పక్కన పెట్టాడు. ఆమె ఏదో చెప్పింది.  తర్వాత ఆమె ఆయన వంకర చెయ్యి కండువా కిందనుంచి తీసి తన రెండు చేతుల్లో పట్టుకుంది. ఆయన ఇటు తిరిగి చూడలేదు. చూస్తే ఏం చెయ్యాలో నాకు తెలిసేది కాదు.

ఆ చెయ్యి నేను విరగ్గొట్టలేదు, పాచి మీద జారి విరిగింది. ఆ మాట నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఆమె దాన్ని ఇన్నేళ్లు పట్టుకోకుండా ఉన్నది మాత్రం నావల్ల.

ఇవాళ సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. సుభద్రకు నేనే చెప్పాలి, ఇది రాయడం అయ్యాక వెళ్తాను. నవ్వేవాళ్లు నవ్వుతారు. గుడి ముందు నన్ను నిలబెట్టి అడుగుతారేమో, నిలబడతాను. రత్తమ్మ పిన్ని క్షమిస్తుందని నేను అనుకోవడం లేదు, అడగలేదు కూడా. నాకు తేలికగా ఉందా అంటే ఉంది. అది సిగ్గుపడాల్సిన సంగతే గానీ ఉంది.

నిన్న వాళ్లిద్దరూ తిరిగి కల్లంలోకి రాలేదు. వెళ్లిపోదామనుకున్నాను, కానీ కాయ సగం ఏరకుండా ఉంది. కూర్చుని మిగతాది ఏరాను. ఎండ దిగేదాకా పట్టింది. ఏరుతూ ఏరుతూ, పక్కకు తోసిన తాలుకాయల్లోంచి ఒకటి తీసి వేళ్లతో చీల్చి లోపల చూశాను. తాలే. పక్కన పడేసి, కుప్ప మీద పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి ఇంటికొచ్చాను.